ఎండ పెరగలేదు, మరి వేడి ఎందుకు పెరిగింది?

మన తెలుగులో ‘వాతావరణం’ అనే మాటకు పని ఎక్కువ. భూమి చుట్టూ ఉన్న గాలి పొర వాతావరణమే. “ఈ రోజు వాతావరణం చల్లగా ఉంది” అన్నప్పుడు ఆ పూట ఎండా వానల సంగతీ వాతావరణమే. “రాయలసీమ వాతావరణం పొడిగా ఉంటుంది” అన్నప్పుడు ఆ ప్రాంతపు స్వభావమూ వాతావరణమే. మూడు వేరు వేరు సంగతులకు ఒకే మాట వాడుతున్నాం. అందువల్ల ‘వాతావరణ మార్పు’ అనగానే చాలామంది తికమకపడతారు. “నిన్న ఎండ కాసింది, ఈ రోజు వాన పడింది. వాతావరణం ఎప్పుడూ మారేదే కదా, ఇందులో వింతేముంది?” అంటారు.

కనుక ముందుగా మాటలను విడదీసుకుందాం. భూమి చుట్టూ ఉన్న గాలి పొరను వాతావరణం అందాం. ఏ రోజుకారోజు మారే ఎండ, వాన, గాలి, ఉక్క – వీటిని వాతావరణ స్థితి అందాం. ఒక ప్రాంతంలో ఏళ్ల తరబడి కనిపించే స్వభావాన్ని భూగోళ పాఠాలలో చెప్పినట్లు శీతోష్ణస్థితి అందాం. దీనిని లెక్కకట్టడానికి శాస్త్రజ్ఞులు సాధారణంగా 30 సంవత్సరాల సగటు తీసుకుంటారు.

ఒక పోలిక చెబుతాను. మీ తాతగారు ఎప్పుడూ శాంతంగా ఉంటారనుకోండి. ఒకనాడు కోపం వచ్చి కసురుకున్నారు. అంతమాత్రాన ఆయన స్వభావం మారిపోయిందంటామా? అనం. కాని నెలల తరబడి రోజూ కసురుకుంటూ ఉంటే, “తాతయ్య మారిపోయారు, కారణమేమిటో కనుక్కోవాలి” అంటాం. ఒకనాటి కోపం వాతావరణ స్థితి. స్వభావం శీతోష్ణస్థితి. విశాఖ మన్యంలోని లంబసింగిలో ఒక చలికాలం గడ్డకట్టేంత చలి వేసినంత మాత్రాన భూమి వేడెక్కడం లేదని చెప్పలేం. ఆదిలాబాదులో ఒక వేసవి మండిపోయినంత మాత్రాన వేడెక్కుతోందనీ చెప్పలేం. భూమి అంతటా, అనేక సంవత్సరాల లెక్కలు కూడి చూడాలి.

ఎంత పెరిగింది?

అలా కూడి చూశారు. 1850–1900 మధ్య భూమి ఉపరితలపు సగటు ఉష్ణోగ్రతతో పోలిస్తే, 2011–2020 దశాబ్దపు సగటు సుమారు 1.1 డిగ్రీల సెంటీగ్రేడు ఎక్కువ. 2024వ సంవత్సరం అంతవరకు కొలిచిన సంవత్సరాలన్నింటిలోనూ వేడి అయినది. ఆ ఒక్క సంవత్సరం ఈ తేడా సుమారు ఒకటిన్నర డిగ్రీ ఉంది.

“ఒక డిగ్రీయేనా? మా ఊళ్లో పొద్దున్నకూ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా ఉంటుందే!” అని మీకు అనిపించవచ్చు. అది ఒక ఊరి సంగతి. భూమి మొత్తానికి సగటు ఒక డిగ్రీ మారడం చాలా పెద్ద విషయం. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగంలో ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాలలో చాలా భాగం కిలోమీటర్ల మందాన మంచు కప్పుకొని ఉండేది. సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి భూమి సగటు ఉష్ణోగ్రత, యంత్రాల యుగానికి ముందున్న దానికంటే సుమారు 6 డిగ్రీలు మాత్రమే తక్కువ! ఆరు డిగ్రీల తేడాకు భూమి రూపమే మారిపోయింది. ఇప్పుడు ఒక డిగ్రీ చెప్పండి, చిన్నదా?

తొట్టి, కుళాయి, తూము

ఈ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే భూమికి వేడి ఎలా వస్తుందో, ఎలా పోతుందో ముందు తెలియాలి.

ఒక నీళ్ల తొట్టిని ఊహించుకోండి. పైన కుళాయి నుంచి నీళ్లు పడుతున్నాయి. అడుగున తూములోంచి బయటకు పోతున్నాయి. పడే నీరు, పోయే నీరు సమానమైతే తొట్టిలో నీటి మట్టం నిలకడగా ఉంటుంది. ఇప్పుడు కుళాయిని ముట్టుకోకుండా, తూముకు కొంచెం గుడ్డ అడ్డం పెట్టండి. ఏమవుతుంది? మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగిన కొద్దీ తూము మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. చివరకు పోయే నీరు మళ్లీ పడే నీటితో సమానమవుతుంది. కాని అప్పటికి తొట్టిలో మట్టం మునుపటికంటే పైన ఉంటుంది.

భూమి అలాంటి తొట్టి. కుళాయి సూర్యుడు. నీటి మట్టం ఉష్ణోగ్రత. సూర్యకాంతి నేలనూ సముద్రాన్నీ వేడి చేస్తుంది. వేడెక్కిన భూమి ఆ శక్తిని కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో అంతరిక్షంలోకి పంపేస్తుంది. అదే తూము.

తూముకు అడ్డం పెట్టే గుడ్డను మీరు చూశారు కూడా. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి ఎక్కువ. మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువ. నేల నుంచి పైకి పోయే వేడిలో కొంత భాగాన్ని మబ్బు పీల్చుకొని తిరిగి కిందికి పంపుతుంది. మబ్బే కాదు, కంటికి కనిపించని కొన్ని వాయువులూ ఆ పని చేస్తాయి. ఇవి లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండేదని లెక్క. వాటి పుణ్యాన సుమారు 15 డిగ్రీలు ఉంటోంది. కాబట్టి ఈ దుప్పటి మనకు శత్రువు కాదు. దుప్పటి మందం పెరగడమే చిక్కు.

దుప్పటి దేనితో నేశారు?

గాలిలో నత్రజని 78 శాతం, ప్రాణవాయువు 21 శాతం. ఈ రెండూ పరారుణ కిరణాలకు దారి వదిలేస్తాయి. వీటి అణువులో ఒకే రకం పరమాణువులు రెండే ఉంటాయి. ఆ కిరణాలను పట్టుకొనే రీతిలో అవి కంపించలేవు. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు అణువులలో మూడేసి పరమాణువులు ఉంటాయి. అవి వంగుతూ, సాగుతూ కంపించి ఆ కిరణాలను పట్టుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు అంటే మీ పుస్తకాలలోని కార్బన్ డయాక్సైడే.

ఇది నిన్న మొన్న కనుక్కొన్న సంగతి కాదు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాలలో వేరు వేరు వాయువులు నింపి ఎండలో ఉంచింది. బొగ్గుపులుసు వాయువు ఉన్న గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది. గాలిలో ఈ వాయువు ఎక్కువైతే భూమి వేడి పెరుగుతుందని ఆవిడ అప్పుడే రాసింది. 1859లో లండనులో జాన్ టిండాల్ ఏ వాయువు ఎంత వేడి కిరణాలను పీల్చుకుంటుందో పరికరంతో కొలిచి చూపాడు. 1896లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంటే అర్హీనియస్, గాలిలో ఈ వాయువు రెట్టింపైతే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో కాగితం, కలంతోనే లెక్క కట్టాడు.

“గాలిలో ఆ వాయువు 0.04 శాతమే కదా, అంత కొంచెం ఏం చేయగలదు?” అని కొందరు అడుగుతారు. తెల్ల బట్టలు జాడించేటప్పుడు బకెట్ నీళ్లలో ఎన్ని నీలిమందు చుక్కలు వేస్తారు? నీళ్లన్నీ నీలమవుతాయి కదా! ఎంత ఉన్నదని కాదు, ఏ పని చేస్తున్నదని చూడాలి.

ఆకాశంలోనే ఇంకొక సాక్ష్యం ఉంది. సూర్యుడికి అతి దగ్గరగా ఉన్న గ్రహం బుధుడు. శుక్రుడు ఆ తరువాతి వాడు. మరి ఎవరు ఎక్కువ వేడి? శుక్రుడే! బుధుడికి గాలి దుప్పటి దాదాపు లేదు. శుక్రుడి చుట్టూ దట్టమైన గాలి, అందులో 96 శాతం బొగ్గుపులుసు వాయువు. అక్కడి ఉష్ణోగ్రత 460 డిగ్రీల పైమాటే. సీసం కూడా కరిగిపోతుంది.

అనుమానితులను విచారిద్దాం

వేడి పెరిగిన మాట నిజం. కారణం ఎవరు? తొందరపడి ఎవరి మీదా నేరం మోపకుండా ఒక్కొక్కరినే విచారిద్దాం.

మొదటి అనుమానితుడు సూర్యుడు. కుళాయి ఎక్కువ తిప్పారేమో! 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని తిన్నగా కొలుస్తున్నాయి. 11 ఏళ్లకొకసారి అది వెయ్యింట ఒక వంతు మేర పెరిగి తగ్గుతుంది. అంతేకాని ఈ కాలంలో పైపైకి పెరుగుతూ పోలేదు. భూమి వేడి మాత్రం పెరుగుతూ పోయింది.

ఇంకొక రుజువు చూడండి. సూర్యుడే కారణమైతే గాలి పొరలన్నీ, కింది నుంచి పై దాకా, వేడెక్కాలి. దుప్పటి మందం పెరగడమే కారణమైతే కింది పొర వేడెక్కి, పైనున్న స్ట్రాటో ఆవరణం చల్లబడాలి. 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ అనే శాస్త్రజ్ఞులు లెక్క కట్టి ఈ మాట చెప్పారు. తరువాత బెలూన్లతోనూ ఉపగ్రహాలతోనూ కొలిచి చూస్తే అలాగే ఉంది: కింద వేడి, పైన చలువ. పైపొర చల్లబడడంలో ఓజోను తరుగుదలకు కూడా వాటా ఉంది. అయినా సూర్యుడే కారణమైతే ఈ రెండూ ఒకేసారి జరగవు. మనాబేకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. సూర్యుడిని విడిచిపెడదాం.

రెండవ అనుమానితుడు భూమి నడక. భూమి కక్ష్య ఆకారం, అక్షపు వాలు నెమ్మదిగా మారుతుంటాయి. మంచుయుగాలు వచ్చి పోవడానికి మూలం ఇదే. కాని ఈ మార్పులకు పదుల వేల సంవత్సరాలు పడుతుంది. నూట యాభై ఏళ్లలో వచ్చిన వేడికి ఇది జవాబు కాదు.

మూడవ అనుమానితుడు అగ్నిపర్వతం. అది బొగ్గుపులుసు వాయువును వదులుతుంది, నిజమే. కాని అన్ని అగ్నిపర్వతాలూ కలిసి ఏటా వదిలేది మనుషులు వదిలే దానిలో నూరింట ఒక వంతు కూడా లేదు. పైగా పెద్ద అగ్నిపర్వతం పేలితే దాని నుంచి వచ్చే గంధకపు వాయువుల వల్ల సూర్యకాంతికి అడ్డుతెర ఏర్పడి భూమి కొన్నాళ్లు చల్లబడుతుంది. 1991లో ఫిలిప్పీన్స్ దేశంలో పినటూబో పేలినప్పుడు భూమి సగటున సుమారు అర డిగ్రీ చల్లబడింది.

బొగ్గు వేసిన సంతకం

ఇక మిగిలింది మనిషి. ఇతని మీద రుజువులేమిటి?

1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవిలో, మౌనా లోవా అనే కొండ మీద గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల గాలి అణువులలో బొగ్గుపులుసు వాయువు అణువులు సుమారు 315. 2024లో అక్కడే సుమారు 424. దక్షిణ ధ్రువ ఖండపు మంచులో చిక్కుకొన్న ప్రాచీన గాలి బుడగలను పరీక్షిస్తే, గడచిన 8 లక్షల ఏళ్లలో ఈ సంఖ్య దాదాపు 180కి, 300కి మధ్యనే ఊగిందని తెలిసింది. యంత్రాల యుగం మొదలయ్యేనాటికి అది 280.

పెరిగిన వాయువు బొగ్గు, చమురు కాల్చడం వల్లనే వచ్చిందని ఎలా చెప్పగలం? దాని మీద సంతకం ఉంది!

మన సింగరేణి బొగ్గునే తీసుకోండి. 1871లో ఇల్లందు ప్రాంతంలో కింగ్ అనే భూవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు దీనిని గుర్తించాడు. ఈ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పూర్వం గోదావరి లోయలో పెరిగిన అడవి. ఆ చెట్లు ఆనాటి గాలి నుంచి కర్బనాన్ని తీసుకొని భూమిలో పూడిపోయాయి. బతికి ఉన్న చెట్లలో కర్బనం–14 అనే రేడియో ధార్మిక కర్బనం కొద్దిగా ఉంటుంది. అది ప్రతి 5,730 ఏళ్లకు సగం అవుతుంది. 25 కోట్ల ఏళ్ల బొగ్గులో అది ఏమీ మిగలదు. కనుక బొగ్గు పొగ గాలిలో కలిస్తే గాలిలో కర్బనం–14 పాలు పలచబడాలి. 1955లో హాన్స్ సూస్ చెట్ల కలపను పరీక్షించి, పలచబడిందని చూపాడు. మొక్కలు కర్బనం–13ను కూడా కాస్త తక్కువగానే తీసుకుంటాయి. మొక్కల నుంచి పుట్టిన బొగ్గు, చమురు కాలితే గాలిలో దాని పాలూ తగ్గాలి. అదీ తగ్గింది. ఏ వస్తువైనా కాలాలంటే ప్రాణవాయువు కావాలి. అలాగైతే గాలిలో ప్రాణవాయువు కూడా రవ్వంత తగ్గాలి. అదీ తగ్గుతోందని కొలతలు చెబుతున్నాయి. మనం ఊపిరి పీల్చడానికి ఇబ్బంది కలిగేంత కాదు, సాక్ష్యానికి సరిపడేంత. ఇన్ని సాక్ష్యాలు ఒక్కరినే చూపిస్తున్నాయి.

ఒక చిన్న లెక్క

కర్బనం పరమాణు భారం 12, ప్రాణవాయువుది 16. బొగ్గుపులుసు వాయువు ఒక కర్బనం, రెండు ప్రాణవాయువు పరమాణువుల కలయిక. అంటే 12 కిలోల కర్బనం కాలితే 44 కిలోల వాయువు వస్తుంది. ముప్పాతిక కిలో తూగే లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల వాయువు! మిగతా బరువు గాలి నుంచి వచ్చి చేరింది.

ప్రపంచమంతా కలిసి బొగ్గు, చమురు, సహజ వాయువు కాల్చి ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును గాలిలోకి పంపుతోంది. అడవులు నరకడం దీనికి అదనం. ఇందులో దాదాపు సగం సముద్రాలు, మొక్కలు తీసుకుంటాయి. మిగతా సగం గాలిలోనే నిలిచిపోతుంది. అందులో కొంత వేల ఏళ్లు ఉంటుంది.

ఇది ఒక్కటే దోషి అనుకోవద్దు. పశువుల నుంచి, నీరు నిలిచిన వరి చేల నుంచి, చెత్త కుప్పల నుంచి మీథేన్ వస్తుంది. ఎరువు వేసిన పొలాల నుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. శీతల యంత్రాలలో వాడిన క్లోరోఫ్లోరో కార్బన్లూ ఉన్నాయి. వీటి గుట్టు బయటపెట్టినది మన దేశంలో పుట్టిన వీరభద్రన్ రామనాథన్. అమెరికా వెళ్లకముందు ఆయన సికింద్రాబాదులో శీతల యంత్రాల పరిశ్రమలో ఇంజనీరుగా పని చేశారు. ఈ వాయువుల అణువు ఒక్కొక్కటి బొగ్గుపులుసు వాయువు అణువుకు పది వేల రెట్లకు పైగా వేడిని పట్టగలదని 1975లో ఆయన తేల్చారు.

మనకేమిటి నష్టం?

అదనంగా చేరిన వేడిలో నూటికి 90 పాళ్లు సముద్రాలలోకే పోతోంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. దానికి తోడు నేల మీది మంచు కరిగి సముద్రంలో చేరుతోంది. 1901–2018 మధ్య సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. కృష్ణా, గోదావరి డెల్టాలలో తీరం వెంబడి నేల బాగా పల్లం. అక్కడివారికి ప్రతి సెంటీమీటరూ లెక్కే.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టగలదు. అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుంది. వడగాడ్పులు కూడా ఉధృతమవుతాయి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ వడగాడ్పు ఒక్కటీ కేవలం దీని వల్లనే వచ్చిందనకూడదు. పూర్వం కూడా వడగాడ్పులు ఉన్నాయి. కాని తొట్టిలో మట్టం పెరిగాక ఒక చిన్న అల వచ్చినా నీళ్లు అంచు దాటుతాయి.

ఇందులో న్యాయాన్యాయాలూ ఉన్నాయి. ఇంతవరకు గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. మన దేశపు వాటా చాలా తక్కువ. ఎండలో నాట్లు వేసే కూలీ తల్లి కారు ఎక్కి ఎరుగదు, వడదెబ్బ ముందుగా తగిలేది ఆమెకే. అయితే ఇప్పుడు ఏటా వదిలేవారిలో చైనా, అమెరికాల తరువాత మన దేశం కూడా ఉంది. కనుక ఎవరిది ఎంత బాధ్యత అనే లెక్క పెద్దవాళ్లు తేల్చుకోవలసిందే, పని మాత్రం అందరూ చేయవలసిందే.

ఒక ధైర్యం చెప్పుకోవచ్చు. కారణం సూర్యుడైతే మనం చేయగలిగింది ఏమీ లేదు. కారణం మనం కాల్చే బొగ్గు, చమురు కాబట్టి ఉపాయం మన చేతిలో ఉంది. ఎండ, గాలి, నీటి నుంచి విద్యుత్తు తీయడం, శక్తిని వృథా చేయకపోవడం, అడవులను కాపాడడం. ఓజోను పొరకు చిల్లు పడుతోందని తెలిశాక 1987లో మాంట్రియల్ నగరంలో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకొని, క్లోరోఫ్లోరో కార్బన్ల తయారీని క్రమంగా మానాయి. ఓజోను పొర కోలుకుంటోంది. కారణం తెలిస్తే మనుషులు దారి మార్చుకోగలరని దీనివల్ల తెలుస్తోంది.

చేసి చూడండి

1. ఒక గ్లాసులో సున్నపు తేట తీసుకొని, గొట్టంతో మెల్లగా ఊదండి (తేటను మింగవద్దు, కంట పడనివ్వవద్దు). తేట పాలలా మారుతుంది. అది మీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు పని. మరి మనం ఊపిరి వదలడం వల్ల భూమి వేడెక్కదు. ఎందుకు? మనం తిన్న అన్నంలోని కర్బనం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి.

2. మీ ఊరి గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను దినపత్రిక చూసి ఒక నెల పాటు రాయండి. మబ్బు పట్టిన రోజులను గుర్తు పెట్టండి. ఆ రోజులలో రెండింటి మధ్య తేడా పెరిగిందా, తగ్గిందా?

3. “వంద టన్నుల కర్బనం కాలితే ఎన్ని టన్నుల బొగ్గుపులుసు వాయువు వస్తుంది?” పైన చెప్పిన లెక్క ఆధారంగా కట్టండి.

4. “ఈ ఏడు చలి ఎక్కువగా ఉంది, భూమి వేడెక్కుతోందన్న మాట అబద్ధం” అని ఎవరైనా అంటే మీరేమని జవాబు చెబుతారు? ఐదు వాక్యాలలో రాసి మీ సైన్సు మాస్టారికి చూపండి.